ఆట చెడలేదు, కళాశాల చెడింది

కళాశాల జట్ల బాస్కెట్‌బాల్‌లో పస తగ్గిపోయిందనే మాట ఇప్పుడు హిందూపురంలోను, పెనుకొండలోను, ధర్మవరంలోను ఆట తెలిసినవారి నోట తరచుగా వినిపిస్తోంది. ఆ మాట నిజమే. దానికి చెబుతున్న కారణాలు మాత్రం నిజం కావు. క్రికెట్ మింగేసిందని ఒకరు, సెల్‌ఫోన్ చెడగొట్టిందని ఒకరు, ఈ కాలపు పిల్లలకు ఒంట్లో సత్తువ లేదని మరొకరు తీర్పులు చెబుతున్నారు. ఆడలేక మద్దెల ఓడన్నట్లుంది ఈ వాదం. పెద్దలు చేసిన పాపాన్ని పిల్లల నెత్తిన రుద్దే ఈ వాదాన్ని ఖండించడానికే ఈ నాలుగు మాటలు రాస్తున్నాను.

నేను తెలుగు పండితుణ్ణి, వ్యాయామోపాధ్యాయుణ్ణి కాను. ముప్పయ్యేళ్లకు పైబడి ఉన్నత పాఠశాలల్లో సంధులు, సమాసాలు, ఛందస్సు చెప్పి ఉద్యోగ విరమణ చేశాను. "తెలుగయ్యవారికి ఈ బంతి గొడవ ఎందుకు?" అని మీరు అడగవచ్చు. నా దగ్గర పద్యాలు అప్పజెప్పిన పిల్లలు పెద్దవారై కళాశాల జట్లలో ఆడుతుంటే చూడబోవడం నాకు మొదటినుంచీ అలవాటు. ఆ అలవాటు ఇప్పటికీ పోలేదు. ఒకసారి తరగతిలో ఈ ఆట పేరును 'బుట్టబంతి' అని తెనిగించి చెబితే, బంతిపూల బుట్ట అనుకొని పిల్లలు పకపకా నవ్వారు. అప్పటినుంచి నేనూ బాస్కెట్‌బాల్ అనే అంటున్నాను. పేరు పరభాషదైనా ఆట మనదైపోయింది గనుక ఆ పేరుతో నాకు పేచీ లేదు.

ముందుగా, తగ్గిన పస ఏమిటో స్పష్టంగా చెప్పుకోవాలి. 28 మీటర్ల పొడవు, 15 మీటర్ల వెడల్పు గల గచ్చు మీద జట్టుకు ఐదుగురు చొప్పున ఆడే ఆట ఇది. రింగు 3.05 మీటర్ల ఎత్తున ఉంటుంది. బంతి చేతికి వచ్చిన జట్టు 24 సెకన్లలోగా బుట్టకు గురిపెట్టి తీరాలి. 2000లో అంతర్జాతీయ సమాఖ్య నియమాలు మార్చక ముందు ఆ గడువు 30 సెకన్లు. ఇరవై నాలుగు సెకన్లలో ఐదు బుర్రలు ఒకే ఆలోచన చేయాలంటే ఆ ఐదుగురూ కలిసి ఎన్ని సాయంకాలాలు ఆడి ఉండాలో ఊహించండి. చూడకుండానే వెనక్కి బంతి విసిరితే అక్కడ తనవాడు ఉంటాడన్న నమ్మకం ఒక్క రోజులో వచ్చేది కాదు. ఈ ఆటలో అందమంతా ఆ నమ్మకంలోనే ఉంది.

ఇప్పుడు మన కళాశాలల పోటీల్లో నాకు కనిపిస్తున్నది వేరు. పోటీకి వారం ముందు పోగుచేసిన పదిమంది ఒక జట్టు. వారిలో పొడుగువాడు బుట్ట కింద నిలబడతాడు. చురుకైనవాడు బంతిని నేలకు కొట్టుకుంటూ తానొక్కడే దూసుకుపోతాడు. తక్కిన ముగ్గురూ ప్రేక్షకులు. ఇచ్చిన బంతి తిరిగి వస్తుందన్న నమ్మకం లేదు గనుక ఎవడూ పాస్ ఇవ్వడు. ఎవరూ అడ్డురాని ఫ్రీత్రోలు కూడా రింగుకు తగిలి బయటికి పోతాయి. మూడు పాయింట్ల గీత 2010లో 6.25 మీటర్ల నుంచి 6.75 మీటర్లకు జరిగింది. నేను చూసిన ఒక కళాశాల గచ్చు మీద ఈనాటికీ పాత గీతే ఉంది. దాని మీదనే సాధన చేసిన పిల్లవాడు బయటి ఊరి కోర్టుకు పోతే అరమీటరు తక్కువ విసరక ఏం చేస్తాడు? ఆ తప్పు వాడి చేతిదా, గీత చెరిపి గీయని పెద్దలదా?

ఇక చూసేవారి సంగతి. హిందూపురంలో బెల్లం, చింతపండు బేరాలు ముగించుకున్నవారు, ధర్మవరంలో మగ్గం గుంతలోంచి లేచి కాళ్లు చాపుకోవాలనుకున్నవారు ఒకప్పుడు సాయంకాలం ఆట దగ్గరికి వచ్చి ప్రహరీ గోడల మీద కూర్చొనేవారు. వారిలో చాలామందికి ఆట నియమాలు సగమే తెలుసు. అయినా ఎందుకు వచ్చేవారు? ఆడుతున్నది తమ వీధి పిల్లవాడు. వాడు నిరుడూ ఆ చొక్కానే వేసుకొని ఆడాడు, వచ్చే ఏడూ ఆడతాడు. నిరుడు ఓడిన జట్టు ఈ ఏడు బదులు తీర్చుకుంటుందా అన్నది ఊరంతటికీ పందెం లాంటి ఆసక్తి. ఇప్పుడు చొక్కా మీద కళాశాల పేరుంది గాని, దాన్ని తొడుక్కున్నవాడెవడో ఊరికి తెలియదు. తెలియనివాడి గెలుపు ఎవరికి కావాలి?

నేను చెప్పదలచిన విషయం ఇదొక్కటే. ఆట చెడలేదు, కళాశాల చెడింది. కళాశాల అంటే కొన్నేళ్లు కలిసి బతికే చోటు అన్న అర్థం పోయి, ర్యాంకుకో ధ్రువపత్రానికో ఆగి పోయే మజిలీ అయింది. మజిలీలో జట్టు ఏర్పడదు. ధర్మవరం వారికి ఈ మాట ఇంకా సులువుగా అర్థమవుతుంది. పిల్లలు ఏళ్లతరబడి కలిసి ఉండటం పడుగు. రోజూ చేసే సాధన పేక. పడుగు తెగిపోయాక ఎంత మేలైన పట్టుతో పేక వేసినా చీర రాదు.

ఈ ఆట పుట్టుకే నా మాటకు సాక్ష్యం. 1891 డిసెంబరులో అమెరికాలోని స్ప్రింగ్‌ఫీల్డ్‌లో జేమ్స్ నాయిస్మిత్ అనే ఉపాధ్యాయుడు, చలికాలంలో నాలుగు గోడల మధ్య విసుగెత్తిపోతున్న తన విద్యార్థుల కోసం, పై అధికారి ఇచ్చిన రెండు వారాల గడువులో దీన్ని కల్పించాడు. పీచ్ పండ్ల బుట్టలు రెండు గోడకు కొట్టించి, 13 నియమాలు రాసి అంటించాడు. దీన్ని పుట్టించినవాడు మాస్టరు, మొదట ఆడినవారు శిష్యులు. వ్యాపారికి గాని, రాజుకు గాని ఇందులో పాత్ర లేదు. మన దేశానికి కూడా ఇది వై.ఎం.సి.ఎ. బళ్ల ద్వారానే వచ్చింది. 1920లో హ్యారీ క్రో బక్ మద్రాసులో వ్యాయామ విద్యా కళాశాల స్థాపించాడు. అప్పుడు మన సీమ మద్రాసు రాష్ట్రంలోనే ఉండేది. అంటే ఈ ఆట స్టేడియంలో పుట్టి కళాశాలకు దిగివచ్చింది కాదు, బడిలో పుట్టి స్టేడియానికి ఎక్కింది. వేరు బడిలో ఉంది. వేరు కోసి కొమ్మకు నీళ్లు పోస్తున్నాం మనం.

చదువుకూ ఆటకూ సంబంధమేమిటని అడిగే విద్యావంతులకు ఆదిపర్వం గుర్తుచేస్తాను. కురుకుమారుల చెండు నూతిలో పడింది. ఎవరికీ చేతకాలేదు. దారినపోయే ద్రోణుడు తన విలువిద్యతో దాన్ని పైకి తీసి ఇచ్చాడు. పిల్లలు పరుగెత్తిపోయి భీష్ముడికి చెప్పారు. భీష్ముడు ఆయనను పిలిచి, గౌరవించి, ఆచార్యుడిగా నియమించాడు. ద్రోణాచార్యుని కొలువు చెండాటతో మొదలైందన్నమాట! ఉత్తమ శిక్షకులకు కేంద్ర ప్రభుత్వం 1985 నుంచి ఇస్తున్న పురస్కారానికి ఆయన పేరే పెట్టుకున్నాం. పేరు పెట్టుకోవడం తెలిసింది గాని, నూతి దగ్గర ఆడుకోవడానికి పిల్లలకు చోటు మిగల్చడం తెలియలేదు.

పడుగు ఎక్కడ తెగింది? ఇంటర్మీడియట్ దగ్గర తెగింది. దీని గురించి మొహమాటం లేకుండా మాట్లాడాలి. పదవ తరగతి దాకా మన ప్రభుత్వ పాఠశాలల్లో ఎంతో కొంత మైదానం ఉంది, వ్యాయామోపాధ్యాయుడు ఉన్నాడు, మండల పోటీలున్నాయి, జిల్లా పోటీలున్నాయి. పదిహేనేళ్ల పిల్లవాడికి బంతి మీద చేయి కుదురుకుంటుంది. సరిగ్గా అప్పుడే వాణ్ణి తీసుకుపోయి మూడంతస్తుల మిద్దెలో కూర్చోబెడతాం. కింద దుకాణాలు, మధ్యలో తరగతులు, పైన వసతి గృహం. తెల్లవారుజామున మొదలైన చదువు రాత్రి దాకా సాగుతుంది. ఎండ మొహం చూడని రెండేళ్లు. బాలుడు ఎత్తు పెరిగేది, కండ పట్టేది, చేయీ కన్నూ ఒకదాన్నొకటి తెలుసుకొనేది ఆ రెండేళ్లలోనే. మొక్కై వంగనిది మానై వంగునా అన్నారు. మనం మొక్కను వంచడం లేదు సరికదా, గదిలో పెట్టి తాళం వేస్తున్నాం.

కళాశాల గుర్తింపుకు ఆటస్థలం చూపాలన్న నిబంధన లేకపోలేదు. అది కాగితం మీద ఉంది. ఎక్కడో ఊరి బయట బీడును బాడుగకు రాయించుకొన్న పత్రం కట్టలో చేరితే నిబంధన తీరిపోతుంది. ఆ బీడును పిల్లలు రెండేళ్లలో ఒక్కసారైనా కంటితో చూస్తారా? 2020 నాటి జాతీయ విద్యావిధానం పాఠ్యాంశాలకు, పాఠ్యేతర కార్యక్రమాలకు మధ్య గోడ ఉండరాదని చెప్పింది. చాలా మంచి మాట. గోడ తీసేయమంటే మనవాళ్లు మైదానం తీసేశారు.

ఈ నష్టంలో మొదటి భాగం ఆడపిల్లలది. ఇది ఎవరూ చెప్పరు గనుక నేను చెబుతున్నాను. మగపిల్లవాడికి కళాశాలలో చోటు లేకపోతే వాడు ఎండిన చెరువులోనో, సంత జరిగే బయలులోనో ఏదో ఒక ఆట ఆడుకుంటాడు. ఆడపిల్లకు కళాశాల ప్రహరీ లోపల తప్ప మరెక్కడా ఆట లేదు. ఆ ప్రహరీ లోపల నేల పోతే ఆమె ఆట మొత్తం పోయినట్లే. దండి దశకుమారచరిత్రలో కందుకావతి అనే రాకుమారి దేవి ప్రీతి కోసం జనమంతా చూస్తుండగా బంతి ఆడుతుంది. ఆ కావ్యాన్ని 13వ శతాబ్దిలోనే కేతన తెనిగించాడు. పాత కావ్యంలో రాజకుమారికి దొరికిన బయలు ఈనాటి ఇంటర్ విద్యార్థినికి దొరకడం లేదు. 2017లో హిందూపురానికి నూరు కిలోమీటర్ల దూరంలోని బెంగళూరులో ఆసియా మహిళల బాస్కెట్‌బాల్ పోటీలు జరిగాయి. మన దేశపు మహిళలు ద్వితీయ శ్రేణి ఫైనల్లో కజక్‌స్థాన్‌ను ఓడించి కప్పు గెలిచారు. అంత దగ్గర జరిగిన ఆ ఆటను మన ఊళ్ల నుంచి ఎందరు ఆడపిల్లల చేత చూపించాం?

రెండేళ్ల చెర దాటి డిగ్రీకి వచ్చినవారి పరిస్థితి చూద్దాం. మంచి ఆటగాళ్లలో సగంమంది అనంతపురమో, తిరుపతో, బెంగళూరో వెళ్లిపోతారు. మిగిలినవారికి 2015–16 నుంచి సెమిస్టర్ పద్ధతి వచ్చింది. ఏడాదికి ఒక పరీక్ష ఉన్న చోట రెండయ్యాయి, మధ్యలో అంతర్గత పరీక్షలు వేరే. ఆటకు అనువైన చలికాలపు సాయంకాలాలు పరీక్షలకే చెల్లిపోయాయి. వ్యాయామ అధ్యాపకుడు పదవీ విరమణ చేస్తే ఆ కుర్చీ ఖాళీగానే ఉంటుంది. లేదా బోధనేతర పనులన్నీ మోసే తాత్కాలిక ఉద్యోగి ఒకాయన వస్తాడు. ఆయనను నేను తప్పుపట్టను. హాజరు పట్టీలు, ఊరేగింపులు, ఎన్నికల పనులు అయ్యాక ఆయనకు ఈల ఊదడానికి ఊపిరి మిగిలితే గదా!

దీనికి తోడు పోటీల పద్ధతి. ఏడాదికి ఒక్కసారి ఒక చోట అన్ని కళాశాలలూ చేరతాయి. ఓడినవాడు ఇంటికి. చాలా జట్లు ఒకే ఆట ఆడి బస్సెక్కుతాయి. గెలిచిన జట్టుకు మూడో నాలుగో ఆటలు. ఏడాదికి నాలుగు పద్యాలు చదివినవాడు అవధానం చేయగలడా? నాలుగు ఆటలు ఆడినవాడు ఆటగాడెలా అవుతాడు? అక్కడ ఏరిన పన్నెండుమందిని విశ్వవిద్యాలయపు జట్టు అంటాం. వారు కొద్దిరోజుల శిబిరం చేసి దక్షిణ మండల పోటీలకు పోయి, ఏళ్లతరబడి కలిసి ఆడిన జట్ల చేతిలో ఓడి వస్తారు. "మన పిల్లల్లో పస లేదు" అని మనం పెదవి విరుస్తాం.

పోటీలకు పోయేవారిలో కొందరి లక్ష్యం కూడా ఆట కాదని ఒప్పుకోక తప్పదు. ఆంధ్రప్రదేశ్ ప్రభుత్వం 2024లో తెచ్చిన క్రీడావిధానంలో ఉద్యోగాల క్రీడా కోటాను 2 శాతం నుంచి 3 శాతానికి పెంచింది. పెంచడం మంచిదే. రైల్వే వంటి సంస్థలు ఆటగాళ్లకు ఉద్యోగాలివ్వడమూ పాత ఆచారమే, ధర్మవరం జంక్షన్ చుట్టుపక్కలవారికి అది కొత్త సంగతి కాదు. కాని ఆట వల్ల పత్రం రావాలి. పత్రం కోసం ఆట వస్తే రెండూ చెడతాయి. నాలుగేళ్లు ఆడించి పత్రమిస్తే అది ఆటగాణ్ణి గుర్తిస్తుంది. నాలుగు రోజులు ఆడించి ఇస్తే అది చెట్టు పేరు చెప్పి కాయలమ్ముకోవడమే అవుతుంది.

ఇది మన పేదరికం వల్ల వచ్చిన జబ్బు అనుకొనేవారి కోసం ఒక్కసారి సముద్రాలు దాటి చూద్దాం. కళాశాల బాస్కెట్‌బాల్‌కు అమెరికాను మించిన దేశం లేదు. అక్కడ కూడా రెండు దశాబ్దాలుగా ఇదే ఫిర్యాదు. 2005లో అక్కడి వృత్తి లీగు, ఎన్‌బీఏ, ఉన్నత పాఠశాల ముగించిన ఏడాది తర్వాతే ఆటగాణ్ణి తీసుకోవాలని నియమం పెట్టింది. దాంతో గొప్ప ప్రతిభ గల కుర్రవాళ్లు కళాశాలలో ఒక్క ఏడాది కాలక్షేపం చేసి వెళ్లిపోవడం మొదలైంది. 2012–13లో మొదటి శ్రేణి పురుషుల జట్ల సగటు 67.5 పాయింట్లకు పడిపోయింది. 1950ల తొలినాళ్ల తర్వాత అంత తక్కువ ఎన్నడూ లేదు. 2015–16లో బంతి ఉంచుకొనే గడువును 35 సెకన్ల నుంచి 30కి కుదించారు. పాయింట్లు పెరిగాయి. అంకెల జబ్బుకు అంకెల మందు పనిచేసింది.

కాని అసలు జబ్బుకు మందు దొరకలేదు, పైగా ముదిరింది. 2018లో కళాశాల మారదలచిన ఆటగాళ్ల పేర్లు నమోదు చేసే పద్ధతి వచ్చింది. 2021 జులై నుంచి ఆటగాళ్లు తమ పేరు, రూపం అమ్ముకొని డబ్బు సంపాదించుకోవచ్చునన్నారు. 2024 నుంచి ఎన్నిసార్లు కళాశాల మారినా ఆట మానుకొని కూర్చోనక్కరలేదు. 2025 జూన్‌లో కోర్టు ఆమోదించిన ఒప్పందం ప్రకారం కళాశాలలే ఆటగాళ్లకు నేరుగా డబ్బివ్వవచ్చు. మొదటి ఏడాదికి ఒక్కో కళాశాలకు పరిమితి సుమారు 2 కోట్ల 5 లక్షల డాలర్లు. ఆటగాడికి అతని శ్రమఫలం దక్కడం న్యాయమే, దాన్ని నేను ఆక్షేపించను. ఫలితం మాత్రం చూడండి. ఏటా జట్టు మారిపోతుంటే అభిమాని ఎవరిని అభిమానించాలి? అక్కడ డబ్బు చేసిన పనిని ఇక్కడ ర్యాంకు చేసింది. కారణాలు వేరు, తెగిన దారం ఒకటే.

దీనికి ఎదురు ఉదాహరణ కూడా అక్కడే ఉంది. అయోవా రాష్ట్రపు అమ్మాయి కేట్లిన్ క్లార్క్ సొంత రాష్ట్రపు విశ్వవిద్యాలయంలోనే 2020 నుంచి 2024 వరకు నాలుగేళ్లు ఆడింది. మహిళల వృత్తి లీగు నియమం కూడా కళాశాల చదువు ముగిసే దాకా ఆగమనే చెబుతుంది. 2024 ఏప్రిల్‌లో ఆమె జట్టు ఆడిన మహిళల ఫైనల్‌ను సుమారు 1 కోటి 89 లక్షలమంది చూశారు. ఆ ఏడు పురుషుల ఫైనల్ చూసినవారు సుమారు 1 కోటి 48 లక్షలు. మహిళల ఫైనల్‌ను పురుషుల ఫైనల్ కంటె ఎక్కువమంది చూడటం అదే మొదటిసారి. ఆమె జట్టు ఆ ఆటలో ఓడిపోయింది కూడా! జనం గెలుపు కోసం రాలేదు. నాలుగేళ్లుగా తమ కళ్లెదుట పెరిగిన అమ్మాయి కోసం వచ్చారు. ఒకప్పుడు మన ప్రహరీ గోడల మీద కూర్చున్నవారు కూడా అందుకే వచ్చేవారు.

మరొక వింత చెబుతాను. పెనుకొండ మండలం ఎర్రమంచి దగ్గర 2019 నుంచి కియా కార్లు తయారవుతున్నాయి. అదే కియా 2008 నుంచి ఎన్‌బీఏకు భాగస్వామి. 2024–25లో షే గిల్జియస్ అలెగ్జాండర్ అందుకున్న అత్యుత్తమ ఆటగాడి పురస్కారం పేరులోనే కియా ఉంది. అంటే ప్రపంచంలో అన్నిటికంటె పెద్ద బాస్కెట్‌బాల్ పురస్కారం మీద ఉన్న పేరు, పెనుకొండ కుర్రవాడు జాతీయ రహదారి మీద రోజూ చదివే పేరు ఒక్కటే. ఆ కుర్రవాడికి సాయంకాలం ఒక గంట బంతి పట్టుకొనే వీలు మాత్రం లేదు. కంపెనీని నేను నిందించడం లేదు. కర్మాగారం వస్తే ఉద్యోగాలెన్నని అడిగాం, భూముల ధరలెంతని అడిగాం. మా పిల్లలకు రెండు కోర్టులు వేయించమని అడగాలని మనకే తోచలేదు.

ఇప్పుడు ఆ మూడు నిందల సంగతి. క్రికెట్ మింగిందంటున్నారు గదా, మరి కళాశాల క్రికెట్‌ను ఎవరు చూస్తున్నారు? కళాశాల కబడ్డీ, ఖోఖో, బాల్ బ్యాడ్మింటన్ ఎలా ఉన్నాయి? అన్నీ కలిసే మూలపడ్డాయి. అన్ని చెట్లూ ఒకేసారి ఎండితే తప్పు నీటిది గాని పక్కచెట్టుది కాదు. సెల్‌ఫోన్ చెడగొట్టిందంటున్నారు. స్టీఫెన్ కరీ ఎలా విసురుతాడో మా పిల్లలకు ఆ ఫోన్ వల్లనే తెలిసింది. ఆ కరీ కూడా డేవిడ్‌సన్ అనే చిన్న కళాశాలలో మూడేళ్లు ఆడి పైకి వచ్చినవాడే. ఫోన్ రుచి పుట్టించింది, ఆ రుచికి తగిన పదార్థం మనం పెట్టడం లేదు. ఇక సత్తువ లేదన్న నింద. పదమూడు గంటలు బల్ల మీద కూర్చోబెట్టి సత్తువ లేదనడం, కాళ్లు కట్టేసి నడవలేడనడమే.

"పేదవాళ్లం, పిల్లవాడు చదివితేనే గదా గతి" అనే తల్లిదండ్రులతో మాత్రం నేను వాదానికి దిగను. వారి భయం నాకు తెలుసు. మగ్గం మీద, సేద్యం మీద బతికిన కుటుంబాలు చదువును పట్టుకొని ఒడ్డెక్కాయి. నేను అడుగుతున్నది చదువు మానమని కాదు. పదమూడు గంటల్లో ఒక గంట. ఆ గంట తీస్తే ర్యాంకు పోతుందని చెప్పే యాజమాన్యాన్ని రుజువు చూపమనండి. పన్నెండు గంటల్లో రానిది పదమూడో గంటలో వస్తుందా?

మన పిల్లలు ఆడలేరన్నవారికి దూరం పోకుండానే జవాబుంది. అనంతపురంలో రూరల్ డెవలప్‌మెంట్ ట్రస్టు పల్లెల పిల్లలకు హాకీ, క్రికెట్, ఫుట్‌బాల్ నేర్పించింది. 2010లో అక్కడ రఫేల్ నాదల్ పేరిట టెన్నిస్ బడి మొదలైంది. టెన్నిస్ అంటే దొరల ఆట అనుకొనేవాళ్లం. వేరుశనగ చేలల్లో పెరిగిన పిల్లలు రాకెట్ పట్టి ఆడారు. అక్కడ మంత్రమేమీ లేదు. నేల, నేర్పేవాడు, కడుపునిండా తిండి, రోజూ ఒకే వేళ. ఈ నాలుగూ దొరికిన చోట కరవుసీమ పిల్లలు ఏ ఆటైనా ఆడతారు.

అడిగి ఊరుకోవడం నా పద్ధతి కాదు, చేయదగినదేమిటో కూడా చెబుతాను. మొదటిది, జూనియర్ కళాశాల గుర్తింపుకు బాడుగ పత్రం చూడటం మాని, తరగతి గది నుంచి నడిచిపోగల దూరంలో నేల ఉందా అని చూడాలి. నేల లేని కళాశాలలు ఊళ్లోని ప్రభుత్వ పాఠశాల మైదానాన్ని సాయంకాలం వంతుల ప్రకారం వాడుకొని, దాని పోషణకు రుసుము కట్టాలి. రెండవది, కాలపట్టికలో నాలుగున్నర నుంచి ఐదున్నర దాకా ఆట గంట అచ్చువేయాలి, పరీక్ష వచ్చిందని దాన్ని తీసేయరాదు. మూడవది, ఖాళీగా ఉన్న వ్యాయామ అధ్యాపకుల కుర్చీలు నింపాలి.

నాలుగవదానికి ప్రభుత్వం కూడా అక్కరలేదు. ధర్మవరం, పెనుకొండ, హిందూపురం ఒకే రైలు దారి మీద ఉన్నాయి. 2022 ఏప్రిల్ నుంచి మూడూ శ్రీ సత్యసాయి జిల్లాలోనే ఉన్నాయి. ఊరికి ఒక జట్టు చొప్పున బాలురవి మూడు, బాలికలవి మూడు ఏర్పరచండి. ప్రతి జట్టూ తక్కిన రెండు ఊళ్లకూ ఒక్కోసారి పోయి ఆడాలి, ఆ రెండు జట్లూ ఒక్కోసారి దాని ఊరికి రావాలి. బాలురకు ఆరు ఆటలు, బాలికలకు ఆరు. శనివారం సాయంకాలాల్లో ఆడితే ఆరు వారాల్లో ముగుస్తుంది. ఓడినా ఇంటికి పోనక్కరలేదు, వచ్చే శనివారం మళ్లీ ఆట ఉంటుంది. ఖర్చు రైలు టికెట్లు, అరటిపండ్లు, రెండు బంతులు. ఒకే నిబంధన. ఇంటర్ మొదటి ఏడాది చొక్కా తొడుక్కున్న పిల్లను, పిల్లవాణ్ణి చదువు ముగిసే దాకా జట్టులో ఉంచాలి. మూడేళ్లు ఇలా జరిగితే ఊరికి పేర్లు తెలుస్తాయి. పేర్లు తెలిస్తే జనం వస్తారు. జనం వస్తే పిల్లలు ఇంకా బాగా ఆడతారు.

పూర్వ విద్యార్థులారా, వ్యాపారులారా, విశ్రాంత ఉద్యోగులారా! ఏటా సన్మానాలకు కొనే శాలువల డబ్బు ఈ ఆరు వారాలకు చాలు. ఏ శాలువా నాకు కప్పవద్దు. ఆ డబ్బుతో ముందు ఆ పాత గీత చెరిపించి, 6.75 మీటర్లకు కొత్త గీత గీయించండి.